ఇంటికి మరమ్మతు: ఎవరు చేయాలి, ఎన్నాళ్లలో?

జంషెడ్‌పూర్ నుంచి ఖర్కాయ్ నది దాటితే ఆదిత్యపూర్. 2011 లెక్కల ప్రకారం జనాభా 1,74,355. పారిశ్రామికవాడను నమ్ముకుని వచ్చినవాళ్లకు అద్దె ఇల్లే ఆధారం. స్లాబు పెచ్చులూడితే, వైరింగ్ కాలిపోతే బాగుచేయించాల్సింది ఎవరు? 2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టం ఏం చెబుతోందో చూద్దాం. రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే ఇది అమల్లోకి వస్తుంది.

2 నెలలు: నివాస గృహానికి అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించకూడదు.

2 జాబితాలు: గోడలు, స్లాబు, వెల్ల, నీటి పైపుల మార్పిడి, వైరింగ్ యజమాని పని. కుళాయిలు, స్విచ్చులు, తాళాలు, కిటికీ అద్దాలు, మురుగు కాలువ శుభ్రం అద్దెదారు పని.

50 శాతం: యజమాని చేయనంటే అద్దెదారు చేయించుకుని అద్దెలో మినహాయించుకోవచ్చు. అయితే ఏ నెలలోనూ సగానికి మించి కోయకూడదు. అద్దె 4,000, మరమ్మతు 6,000 అనుకుంటే డబ్బు తిరిగి రావడానికి మూడు నెలలు. అప్పటిదాకా పెట్టుబడి అద్దెదారుదే.

15 రోజులు: ఇల్లు ఉండటానికి పనికిరాకుండా పోయి, రాసి అడిగినా యజమాని కదలకపోతే, 15 రోజుల ముందు నోటీసిచ్చి ఖాళీ చేయొచ్చు.

ఇన్ని అంకెల్లో అసలు అంకె లేదు. మరమ్మతు ఇన్ని రోజుల్లో ముగించాలన్న గడువు ఎక్కడా కనబడదు. పైగా ప్రభుత్వ, స్థానిక సంస్థల ఇళ్లు, ఉద్యోగంలో భాగంగా కంపెనీలిచ్చే క్వార్టర్లు ఈ చట్టం పరిధిలోకే రావు. ఇరుపక్షాలూ ఒప్పుకుంటే తప్ప. కార్మికుల ఊళ్లో ఇది చిన్న మినహాయింపు కాదు.

మరమ్మతుకు గడువు పెట్టిన చోటూ ఉంది. ఇంగ్లండ్‌లో రాచ్‌డేల్‌లోని ఒక సామాజిక అద్దె ఇంట్లో (తక్కువ అద్దెకు సంస్థలిచ్చే ఇల్లు) బూజు పీల్చి రెండేళ్ల అవాబ్ ఇషాక్ 2020లో చనిపోయాడు. ఆ పేరుతోనే వచ్చిన చట్టం 2025 అక్టోబరు 27 నుంచి సామాజిక గృహాల యజమానులకు గడువు పెట్టింది. తక్షణ ప్రమాదమైతే 24 గంటల్లో సరిచేయాలి. తీవ్రమైన చెమ్మ, బూజు అయితే 10 పనిదినాల్లో పరిశీలించి, ఆ తర్వాత 5 పనిదినాల్లో ప్రమాదం తొలగించాలి.

మన దగ్గర 2020లో వచ్చిన చౌక అద్దె గృహ సముదాయాల పథకంలో నిర్వహణ కాలం 25 ఏళ్లు; అద్దె పెంపు రెండేళ్లకు 8 శాతం, ఐదేళ్లలో మొత్తం 20 శాతం దాటకూడదు. అద్దెను అంత కచ్చితంగా కొలిచినప్పుడు మరమ్మతుకూ రోజులు లెక్కగట్టడం కష్టం కాదు. చట్టం ఆ పని చేసేదాకా, అద్దె అగ్రిమెంటులోనే రాయించుకోవాలి: వైరింగుకు ఇన్ని గంటలు, స్లాబుకు ఇన్ని రోజులు. ఫిర్యాదు మాత్రం నోటిమాటగా కాకుండా, తేదీ వేసి కాగితం మీదే ఇవ్వాలి.