గుండెకిచ్చే బిళ్ల ముందు ఎవరు మింగి చూశారు?

మీ అత్తగారికి పాదాలు వాచి చెప్పులు పట్టడం లేదా? రాత్రిళ్లు రెండు మూడు దిండ్లు పెట్టుకుంటే గానీ ఊపిరి ఆడటం లేదా? తాడిమర్రి నుంచి ధర్మవరం తీసుకెళ్లి డాక్టరుకు చూపిస్తే “గుండె వీకయిందమ్మా” అంటారు. అంటే గుండె ఆగిపోయిందని కాదు, ఒంటికి చాలినంత రక్తం పంపు చేయలేకపోతోందని.

అప్పుడు రాసే బిళ్లల్లో స్పైరనోలాక్టోన్ ఒకటి. దీని కథ వినండి, వింతగా ఉంటుంది!

గుండె కండరం బిగుసుకుని సరిగా విప్పారని వాళ్లకు ఈ బిళ్ల పనిచేస్తుందా అని టాప్‌క్యాట్ అనే పరీక్ష చేశారు. ఆరు దేశాలు, 3,445 మంది. 2014లో ఫలితం వచ్చింది. మొత్తమ్మీద ఉత్తుత్తి బిళ్లకూ దీనికీ చెప్పుకోదగ్గ తేడా లేదన్నారు.

అయితే దేశాల వారీగా విడదీసి చూస్తే అసలు సంగతి బయటపడింది. అమెరికా, కెనడా, బ్రెజిల్, అర్జెంటీనాల్లో మేలు కనిపించింది. రష్యా, జార్జియాల్లో కనిపించలేదు. అక్కడ ఉత్తుత్తి బిళ్ల మింగిన వాళ్లలో కూడా నూటికి 8 మందికే ప్రమాదం వచ్చింది, అటువైపు దాదాపు 32 మందికి! అసలు వాళ్లందరికీ ఈ జబ్బు ఉందా అని అనుమానం. 2017లో దాచి ఉంచిన రక్తం పరీక్షించారు. బిళ్ల వేసుకుంటున్నామని చెప్పిన వాళ్లలోనే, రష్యాలో నూటికి 30 మంది రక్తంలో మందు జాడే లేదు. అమెరికా, కెనడాల్లో ముగ్గురే.

రెండిళ్లకూ ఒకే రాగిపిండి ఇచ్చి, ఒకావిడ పొయ్యే వెలిగించకపోతే, సంగటి కాలేదని పిండిని తిడతామా చెప్పండి!

మన సంగతేమిటంటారా? 2017లోనే 16 దేశాల్లో 5,823 మంది గుండె రోగులను ఏడాదిపాటు గమనించిన లెక్కలొచ్చాయి. చైనాలో నూటికి 7 మంది పోతే, మన దేశంలో 23 మంది. గుండె ధర్మం ఒకటే అయినా, ఆసుపత్రికి ఎప్పుడు చేరతాం, మందులు ఎన్నాళ్లు కొనగలం అన్నవి ఊరూరికీ మారతాయి కదా. ఉప్పు బాగా తగ్గిస్తే మేలా అని 2022లో వెలువడిన పరీక్షలోనూ ఆరు దేశాలున్నాయి, మనది లేదు. ఊరగాయ లేనిదే ముద్ద దిగని ఇళ్ల లెక్క అందులో ఎలా వస్తుంది?

అందుకని ఉప్పు ఎంత వాడాలో మీ డాక్టరునే అడగండి. ఒక్క జాగ్రత్త మాత్రం మరవకండి. ‘సోడియం తక్కువ’ అని అమ్మే ఉప్పులో పొటాషియం ఉంటుంది. స్పైరనోలాక్టోన్ కూడా ఒంట్లో పొటాషియం పెంచుతుంది. రెండూ కలిస్తే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. కొబ్బరినీళ్లూ అంతే, అడగకుండా రోజూ ఇవ్వకండి. పొద్దున్నే బరువు చూసి క్యాలెండరు మీద రాయండి. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే, వాపు కనిపించే దాకా ఆగకుండా బస్సెక్కించండి.