కట్టుడుపళ్ళకు అలవాటుపడుట

వయస్సుచేతనో, వ్యాధిచేతనో, దెబ్బ తగులుటచేతనో కొన్ని పళ్ళు మాత్రమే పోగొట్టుకొన్నవారు పెక్కురు కలరు. ఆ ఖాళీలలో అమర్చుటకు దంతవైద్యుడు చేసియిచ్చు పళ్ళసెట్టును తీసి పెట్టుకొనవచ్చును. అది ఎంతయో ఉపకారి. కాని మొదటి దినముల ఇబ్బందికే విసిగి దానిని మూల పడవేయువారు లేకపోలేదు.

ఒక ఉపాధ్యాయుని సంగతి చూడుడు. పైవరుస ముందుపళ్ళు మూడు పోగా ఆయన సెట్టు చేయించుకొనెను. మరునాడు తరగతిలో మాట తడబడెను, పిల్లలు నవ్విరి. ఆయన సెట్టును బీరువాలో దాచెను. కొన్ని నెలలకు మరల పెట్టుకొనబోగా అది ఇమడలేదు. ఖాళీకి ఇరుప్రక్కల నున్న పళ్ళు ఈలోపున జరిగినవి. కొత్తసెట్టు చేయించుకొనక తప్పలేదు.

ఆ తడబాటు సహజమే. త, థ, ద, ధ, న, ల, స అను అక్షరములను వ్యాకరణము దంత్యములన్నది. నాలుక పైపళ్ళ వెనుకభాగమునకు చేరినప్పుడే అవి పలుకును. అచ్చట కొత్తవస్తువు అడ్డుపడగా నాలుక తన చోటును మరల నేర్చుకొనవలెను. ప్రతిదినము కొంతసేపు వార్తాపత్రికను బిగ్గరగా చదివినచో కొలది వారములలో పలుకు చక్కబడును. తొలుత అధికముగా ఊరు లాలాజలమును క్రమముగా తగ్గును.

మొదట మెత్తని అన్నము, పప్పు, ఇడ్లీ వంటివానిని రెండువైపులతోను మెల్లగా నమలవలెను. జామకాయ, చెరకు వంటివానిని ముందుపళ్ళతో కొరుకరాదు.

చిగురు ఒరసికొని పుండైనచో సెట్టును ఇంట అరగదీయరాదు, తీగకొక్కెములను వంచరాదు. దంతవైద్యునకు చూపవలెను. పోవుటకు ముందు కొన్ని గంటలు ధరించినచో ఒరయు చోటు వైద్యునకు స్పష్టముగా కనబడును. రెండు వారములకును మానని పుండును ఎంతమాత్రము ఉపేక్షింపరాదు.

కొక్కెముల క్రింద మెతుకులు నిలిచినచో, వానికి ఊతయగు సొంతపళ్ళే పుచ్చిపోవును. భోజనానంతరము సెట్టును తీసి కడిగి, నోరు పుక్కిలింపవలెను. దినమునకొకమారైనను సబ్బునీటితో, మెత్తని బ్రష్షుతో సెట్టును తోమవలెను. బొగ్గుపొడి గీతలు పెట్టును. మరుగునీరు వంకర చేయును. క్రింద నీళ్ళపళ్ళెము ఉంచుకొన్నచో చేయి జారినను సెట్టు పగులదు. రాత్రి దానిని చల్లనినీటిలో ఉంచి చిగుళ్ళకు విశ్రాంతి నీయవలెను.

పోయిన పళ్ళకై చేయించుకొన్న సెట్టు, ఉన్న పళ్ళను కాపాడుకొన్నప్పుడే నిలుచును.