సముద్రంలో గాలం వేస్తున్నారా? దారం ఇలా ఎంచుకోండి

గల్ఫ్‌లో సెలవు రోజున బోటెక్కి హమూర్ కోసం గాలం వేసే మనవాళ్లకు షాపులో ఎదురయ్యే ప్రశ్న: నైలానా, బ్రెయిడా?

బ్రెయిడ్ అంటే పాలిథిలిన్ పోగులతో జడలా అల్లిన దారం. అంతే బలమున్న నైలాన్ కంటే బాగా సన్నం. పెద్దగా సాగదు కాబట్టి లోతులో చేప కొరికినా చేతికి వెంటనే తెలుస్తుంది.

నాలుగు పేటలది చవక, గట్టిది. ఎనిమిది పేటలది నున్నగా జారుతుంది. హమూర్‌కు 40-50 పౌండ్లది తీసుకోవచ్చు.

అయితే రాయికి రాసుకుంటే బ్రెయిడ్ పుటుక్కున తెగుతుంది. అందుకే చివర రెండు మీటర్ల మందపాటి నైలాన్ లీడర్ కట్టాలి. రీలు మీద జారకుండా అడుగున కొంచెం నైలాన్ చుట్టాలి.

ముఖ్యంగా, గాలం రాళ్లలో ఇరుక్కుంటే దారాన్ని చేతికి చుట్టి లాగొద్దు, వేళ్లు కోసుకుపోతాయి. కర్రకు చుట్టి లాగండి. తెగిన ముక్కలు నీళ్లలో పడేయకండి, తాబేళ్లకు అవే ఉరితాళ్లు.