అంతరగంగ కాశీ నీరు కాదు, కొండ నీరు

కోలారు జిల్లాలో ఏడాది పొడవునా పారే నది ఒక్కటీ లేదు. పాలారు ఈ నేల మీదుగానే వచ్చి, బేతమంగళం చెరువు నింపి, కుప్పం దాటి తమిళనాడుకు పోతుంది గానీ, వానలు లేని నెలల్లో అది ఇసుక దారి. వెయ్యి అడుగులు దాటి బోరు దించినా తడి తగలని పొలాలు ఇక్కడ ఎన్నో. అలాంటి చోట పట్టణాన్ని ఆనుకుని ఉన్న శతశృంగ పర్వతం మెట్లెక్కితే, రాతి బసవన్న నోటి నుంచి కోనేట్లోకి సన్నని ధార పడుతూ కనిపిస్తుంది. ఎండాకాలంలోనూ ఆగదని దానికి పేరు. పక్కనే కాశీ విశ్వేశ్వరుడి గుడి. ఆ ధారను అంతరగంగ అంటారు, ఆ కొండను దక్షిణ కాశి అంటారు. ముళబాగిలు, శ్రీనివాసపురం ఊళ్ళలో ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబాలకు, పలమనేరు, కుప్పం వైపు వాళ్ళకు ఇది దగ్గర్లో ఉన్న పుణ్యస్నానం. గుడి దాటి ఇంకా పైకి, బండరాళ్ళ సందుల్లోంచి, గుహల్లోంచి తేరుహళ్ళి దాకా ఎక్కేవాళ్ళూ ఉన్నారు. మానససరోవరం దాకా వెళ్ళలేనివాడికి కొండెక్కి తీర్థం చూసే భాగ్యం ఇక్కడ ఒక పూటలో దక్కుతుంది.

ఈ నీరు భూమి లోపలి దారిన కాశీ నుంచి వస్తుందని భక్తుల నమ్మకం. నమ్మకాన్ని ఎగతాళి చేయడం నా ఉద్దేశం కాదు. కానీ ఆ నమ్మకంలో కోలారుకు నష్టం చేసే అంశం ఒకటుంది, దాని గురించి మాట్లాడక తప్పదు. కాశీ దగ్గర గంగ సముద్రమట్టానికి వంద మీటర్ల లోపు ఎత్తునే పారుతుంది. కోలారు పట్టణమే 800 మీటర్ల పైన ఉంది, ధార పడే చోటు అంతకన్నా ఎత్తు. వందల మైళ్ళు నడిచి, ఇంత ఎత్తు తనంతట తాను ఎక్కే నీరు లేదు. బసవన్న నోట పడుతున్నది ఈ కొండ మీద కురిసిన వానే. ఈ తేడా ఎందుకు ముఖ్యమంటే, నీరు కాశీ నుంచి వస్తుందనుకుంటే కొండకు ఏమైనా ధారకు ఢోకా ఉండదు. కొండ మీద చెట్టు కొట్టినా, రాయి పగలగొట్టినా, బోరు వేసినా గంగమ్మ తన దారిన తాను వస్తూనే ఉంటుంది. కాపాడవలసింది కోనేరు, గుడి, మెట్లు మాత్రమే అవుతాయి. నీరు కొండదే అని ఒప్పుకున్న క్షణం పూజ సరిహద్దు మారిపోతుంది. గుడి గోడ దగ్గర ఆగే పవిత్రత కొండ నెత్తి దాకా పాకాలి.

కొండ నీటిని ఎలా నిలుపుకుంటుందో చూస్తే ఆ ధార ఎంత సున్నితమో తెలుస్తుంది. రాయలసీమ వాళ్ళకు ఇలాంటి తీర్థాలు కొత్త కాదు. యాగంటిలో కొండ నీరు నంది నోటి గుండా అగస్త్య పుష్కరిణిలో పడుతుంది. మహానంది కోనేట్లో అడుగున వేసిన నాణెం కనిపించేంత తేటగా ఊట ఉబుకుతుంది, బయటికి పోయి పొలాలు తడుపుతుంది. తాడిపత్రిలో బుగ్గ రామలింగేశ్వరుడి పేరులోనే ఊట ఉంది. కానీ కర్నూలు ప్రాంతంలో విస్తారంగా ఉన్నది సున్నపురాయి. అది నీటికి కరుగుతుంది, లోపల బెలూం లాంటి గుహలు, కాలువలు తొలుచుకుంటాయి, వాటిలో నీరు దండిగా నిలుస్తుంది. కోలారు కొండది నల్లరాయి జాతి గట్టి రాయి. అది కరగదు, పీల్చదు. నీరు నిలవడానికి దానికి ఉన్న చోటల్లా రాతి పగుళ్ళు, పైన కుళ్ళి మెత్తబడిన మట్టిపొర, బండల మధ్య పేరుకున్న ఆకుచెత్త. ఏడాదికి 700 మిల్లీమీటర్ల పైచిలుకు కురిసే వానలో ఆ సందుల్లోకి ఇంకిన కొంత నీటిని కొండ గాదెలో గింజల్లా దాచుకుని, నెలల తరబడి కొంచెం కొంచెంగా వదులుతుంది. పైపొర పోతే వాన అంతా ఒక గంటలో జారి కిందికి పోతుంది, పగుళ్ళకు అందేది తగ్గుతుంది.

ఇది భక్తిని లెక్కల్లోకి దింపడమే కదా అని కొందరు అంటారు. నేనలా అనుకోను. స్థలపురాణం తిరగేస్తే కథలన్నీ కొండ చుట్టూనే తిరుగుతాయి. మహాభారతంలో పాండురాజు తపస్సు చేసుకున్న, పాండవులు పుట్టిన చోటు శతశృంగం. అది ఇదేనని ఇక్కడివాళ్ళు చెప్పుకుంటారు. జమదగ్ని, రేణుక, పరశురాముల కథనూ ఈ కొండలకే ముడిపెడతారు. గంగరాజులు తమను కువలాలపురానికి ప్రభువులుగా చెప్పుకున్నారు, ఆ కువలాలపురమే నేటి కోలారు. వాళ్ళు తమ బిరుదుల్లో నందగిరినీ (నేటి నందికొండ) చేర్చుకున్నారు, అంటే ఊరితోపాటు కొండకూ గౌరవం దక్కింది. పాత భక్తి కొండను మొత్తంగా చూసింది. దాన్ని ఒక రాతి నోటికి కుదించింది మన తొందర. విశ్వేశ్వరుడి మీద నమ్మకం ఉన్నవాడు, ఆయన తన గంగను ఈ కొండ కడుపులోనే దాచాడని అనుకోవడానికి అడ్డేముంది?

ధార ఆగదన్న ధీమాకు హిమాలయాలు జవాబు చెప్పాయి. అక్కడ కొండ ఊర్లకు తాగునీరు ఊటలే. వాటిలో దాదాపు సగం ఎండిపోతున్నాయని 2018లో నీతి ఆయోగ్ నివేదిక చెప్పింది. మంచు కొండల నీడలో ఉన్న ఊటలకే ఆ గతి పడితే వాన తప్ప మరో ఆధారం లేని కోలారు కొండ సంగతి చెప్పాలా? అయితే ఆ కొండల నుంచే దారీ దొరికింది. సిక్కింలో ధారా వికాస్ పేరుతో చేసిన పని చాలా సాదాది. ఊట దగ్గర ఏమీ కట్టలేదు. ఏ వాలు మీద పడిన వాన ఆ ఊటకు చేరుతుందో ముందు కనిపెట్టి, అక్కడ అడ్డంగా కందకాలు, గుంటలు తవ్వారు. ఎండిన ఊటలు కొన్ని మళ్ళీ పారాయి.

కోలారు మటుకు వ్యతిరేక దిశలో చాలా దూరం నడిచింది. 1980లలో సామాజిక అడవుల పథకం కింద ఈ జిల్లా పొలాల్లోకీ, బీళ్ళలోకీ నీలగిరి చెట్టు ముంచెత్తింది. రైతుకు కూలీ ఖర్చు లేని ఆదాయం, కాగితపు మిల్లుకు గుజ్జు. చెరువుల్లోకి వచ్చే నీరు తగ్గడానికి అదే కారణమని ఏళ్ళ తరబడి వాదన నడిచి, చివరికి 2017లో కర్ణాటక ప్రభుత్వం కొత్తగా నీలగిరి నాటడాన్ని నిషేధించింది. మాలూరు తాలూకా టేకల్ వైపు వెళితే క్వారీలు కొండల్ని తినేసిన తీరు కళ్ళకు కడుతుంది. కొండ తరిగితే రాయి మాత్రమే పోతుందనుకుంటాం, దాని పగుళ్ళలో నిలిచే నీరు కూడా అప్పుడే పోతుంది.

భక్తిని లెక్కల్లోకి దింపుతున్నానన్న దానికన్నా గట్టి అభ్యంతరం ఒకటుంది. జిల్లా దాహం పెద్దది, ఈ ధార ఎంత, దీని కోసం ఇంత ఆరాటమా అని. నిజమే, అంతరగంగ ఒక్క వార్డుకు కూడా చాలదు. 2018 నుంచి కె.సి. వ్యాలీ పథకం కింద బెంగళూరు మురుగునీటిని శుద్ధి చేసి కోలారు చెరువుల్లో పోస్తున్నారు. రోజుకు 440 మిలియన్ లీటర్లు లక్ష్యం. మొదటి చెరువుల్లో నురగ లేచి, వ్యవహారం హైకోర్టుకూ సుప్రీంకోర్టుకూ ఎక్కినా, చాలా ఏళ్ళ తర్వాత నిండిన చెరువు చూసిన రైతు సంతోషాన్ని తక్కువ చేయలేను. పడమటి కనుమల నుంచి ఎత్తినహొళె నీరు తెచ్చే పథకంలో తొలి దశను 2024లో ప్రారంభించారు. ఈ రెండూ నీటిని ఎక్కడి నుంచో తెచ్చేవే. అవసరంలో తప్పదు. కాని బయటి నీటి మీదే బతికిన ఊరి అనుభవం ఈ జిల్లాలోనే ఉంది. కోలార్ గోల్డ్ ఫీల్డ్స్‌లో 1880 నుంచి జాన్ టేలర్ కంపెనీ గనులు తవ్వింది, 1902లో శివనసముద్రం నుంచి కరెంటు వచ్చింది, ఛాంపియన్ రీఫ్ గని 3 కిలోమీటర్ల లోతు దాటింది. బంగారం కోసం అంత లోతు దిగిన ఊరు తాగడానికి బేతమంగళం చెరువు నీటిని గొట్టాల్లో తెచ్చుకుంది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాక నడిపేవాళ్ళు వెళ్ళిపోయారు, సయనైడ్ దిబ్బలు, నీళ్ళ ఇబ్బంది మిగిలాయి. పంపు నడిపేవాడు ఉన్నంతవరకే తెచ్చిన నీరు వస్తుంది. అంతరగంగను నడిపేది వాన, దాన్ని నిలిపేది కొండ. దాని విలువ లీటర్లలో లేదు. ఈ జిల్లా కొండలు ఇంకా నీటిని పట్టుకోగలవని నెలనెలా కళ్ళెదుట రుజువు చేస్తున్నది అదొక్కటే. ఆ రుజువు పోతే మిగతా కొండల గురించి ఎవరూ పట్టించుకోరు.

జనాన్ని ఆపేస్తే కొండ బతుకుతుందని అనేవాళ్ళున్నారు. వారాంతాల్లో బెంగళూరు నుంచి రాత్రి ట్రెక్కింగ్‌కు వచ్చే గుంపులు వదిలే ప్లాస్టిక్ చూస్తే ఆ కోపం అర్థమవుతుంది. అయినా భక్తుల్ని ఆపితే కొండకు ఉన్న ఏకైక పెద్ద బలగం దూరమవుతుంది. నల్లమలలో సలేశ్వరం లింగమయ్య జాతర చైత్ర పౌర్ణమి వేళ కొద్ది రోజులే జరుగుతుంది. అది పులుల అభయారణ్యం. చెంచులే పూజారులు. దర్శనానికి వేళ పెట్టారే గాని దర్శనం మాన్పించలేదు. శతశృంగానికీ అలాంటి ఏర్పాటు సరిపోతుంది. రాత్రి ఎక్కడం ఆపాలి, కొండ మీద కొత్త బోరు, కొత్త రాతి తవ్వకం వద్దనాలి, ధారకు నీరు చేరే వాలులో కందకాలు తవ్వాలి. కొండ మీద ఊళ్ళు ఉన్నాయి కనుక అక్కడివాళ్ళ తాగునీటికి పంచాయతీ మరో దారి చూపాకే బోరు నిషేధం న్యాయం అవుతుంది.

వీటన్నిటికన్నా ముందు చేయవలసిన పని పైసా ఖర్చు లేనిది. బసవన్న నోటి కింద ఒక బిందె పెట్టి, నిండడానికి పట్టిన సమయం చూసి, గుడి దగ్గరే పుస్తకంలో రాయాలి. ప్రతి అమావాస్యకు అర్చకుడే రాయవచ్చు, పక్కన ఆ నెల పడిన వాన ఎంతో వాతావరణ శాఖ లెక్క చేర్చవచ్చు. రెండు మూడు వానాకాలాలు గడిస్తే వాన తగ్గినందుకు ధార సన్నబడిందా, కొండ దెబ్బతిన్నందుకు సన్నబడిందా అన్నది ఆ పుస్తకమే చెబుతుంది. గుళ్ళ వ్యవహారాలు చూసే ముజరాయి శాఖ దగ్గరికైనా, అటవీ శాఖ దగ్గరికైనా భక్తులు పట్టుకెళ్ళవలసిన మొదటి కాగితం అదే.