ఇక్కడ ‘జాబ్’ అంటే ఇనుప ముక్క!

ఐటీఐలో ఫిట్టర్ ట్రేడ్‌లో చేరిన కుర్రాడికి మొదట్లోనే ఒక ‘జాబ్’ చేతికొస్తుంది. సంబరపడకండి... అది ఇనుప ముక్క! వర్క్‌షాప్ భాషలో జాబ్ అంటే అదే. దాన్ని బెంచ్ వైస్‌లో బిగించి, ఆకురాయితో రుద్ది చదును చేయాలి. చెప్పడానికి ఒక్క ముక్క. చేయడానికి మాత్రం రోజులు పడుతుంది.

అరచేతులు బొబ్బలెక్కాక దాన్ని పట్టుకెళ్తే, సార్ ట్రై స్క్వేర్ ఆనించి కిటికీ వైపు ఎత్తి చూస్తారు. సందులోంచి వెలుతురు కనిపించిందా... ‘మళ్లీ రుద్దుకు రా’ అంటారు. అంతే! ‘పది పాసై ఇనుము అరగదీయడానికా నేనొచ్చింది?’ అని కుర్రాడికి లోపల మంట.

కానీ ఆ మొండి ముక్క వెనక పెద్ద లెక్కే ఉంది. వర్క్‌షాప్‌లో వాడే వెర్నియర్ కాలిపర్ 0.02 మిల్లీమీటర్ల తేడాను కూడా పట్టేస్తుంది. అంటే మామూలు జిరాక్స్ కాగితం మందంలో సుమారు ఐదో వంతు. ఆ తేడా కంటికి ఆనదు, చేతికి తెలియాలి. ఆ చేతిని తయారుచేయడమే ఇన్‌స్ట్రక్టర్ పని.

చెవితో నేర్చుకునే పాఠం

వెల్డింగ్ షాపులో పాఠం ఇంకోలా ఉంటుంది. ముఖానికి షీల్డ్ పెట్టుకున్నాక నల్లద్దంలోంచి ఆర్క్ వెలుగు తప్ప పెద్దగా ఏమీ కనిపించదు. అప్పుడు సార్ ‘చూడు’ అనరు, ‘విను’ అంటారు. రాడ్ సరైన దూరంలో ఉంటే నూనెలో పోపు వేగినట్టు ఒకేలా చిటపటలాడుతుంది. దూరం పెరిగితే ఆ చప్పుడు మారిపోతుంది, నిప్పురవ్వలు చెల్లాచెదురవుతాయి. యూట్యూబ్‌లో వంద వీడియోలు చూసినా, వెనక నిలబడి మన మణికట్టు పట్టుకుని నడిపించే చేయి మాత్రం దొరకదు.

ఒక్క తీగ తప్పితే...

ఎలక్ట్రీషియన్ ట్రేడ్‌లో సార్లు మరీ చండశాసనులు. ఫేజ్ తీగ స్విచ్ మీదుగానే వెళ్లాలని చెప్పిందే చెబుతారు. పొరపాటున న్యూట్రల్‌ను స్విచ్‌కి కలిపినా బల్బు వెలుగుతుంది, ఆరుతుంది. అంతా బాగానే ఉన్నట్టుంటుంది. కానీ స్విచ్ ఆపినా హోల్డర్‌లో కరెంటు ఉంటుంది! బల్బు మార్చడానికి ఎవరో అమ్మ స్టూలెక్కి చేయి పెడితే... అందుకే బల్బు వెలిగినా సార్ మార్కులేయరు. బోర్డు విప్పి, తీగ ఎటు వెళ్లిందో చూశాకే వేస్తారు.

‘మార్కులు రాలేదా? ఐటీఐలో వేయండి!’

మన ఇళ్లలో తరచూ వినిపించే మాట ఇది. ఆ మాట మోసుకునే చాలామంది పిల్లలు వర్క్‌షాప్ గడప తొక్కుతారు. చేతిపని నేర్పేకంటే ముందు, ‘నాకేం రాదు’ అనే భయాన్ని వదిలించడమే సార్లకూ, మేడమ్‌లకూ అసలు పరీక్ష.

నిజానికి దారులు తక్కువేం లేవు. 1950లో మొదలైన క్రాఫ్ట్స్‌మెన్ ట్రైనింగ్ స్కీమ్ కిందే ఈ కోర్సులు నడుస్తున్నాయి. వెల్డర్‌కి ఏడాది, ఫిట్టర్, ఎలక్ట్రీషియన్‌లకు రెండేళ్లు. పాసైతే నేషనల్ ట్రేడ్ సర్టిఫికెట్ వస్తుంది. తర్వాత అప్రెంటిస్‌షిప్ చేయొచ్చు. ట్రేడ్‌ని బట్టి రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్ ఉద్యోగానికీ పోటీపడొచ్చు. నేర్పడం ఇష్టమైతే ఏడాది సీఐటీఎస్ కోర్సు చేసి మీరే ఇన్‌స్ట్రక్టర్ కావొచ్చు. ఆ శిక్షణనిచ్చే జాతీయ సంస్థ హైదరాబాద్ విద్యానగర్‌లోనే ఉంది.

మిషన్లు వస్తున్నాయి... మరి నేర్పేవాళ్లు?

తెలంగాణలో 65 ప్రభుత్వ ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని 2024లో మొదలైంది. 2025 మేలో కేంద్ర మంత్రివర్గం దేశవ్యాప్తంగా 1,000 ప్రభుత్వ ఐటీఐల కోసం రూ.60,000 కోట్ల పథకానికి ఆమోదం తెలిపింది. అందులో 50,000 మంది ట్రైనర్లకు శిక్షణ కూడా ఉంది. సంతోషమే. ఎందుకంటే రోబో చేయి కొనుక్కోవచ్చు, దాన్ని నడిపే కుర్రాడి చేయి మాత్రం ఎక్కడా అమ్మరు. అది తయారుకావాలంటే పక్కన ఒక సార్ ఉండాలి. ఇన్‌స్ట్రక్టర్ పోస్టులు ఖాళీగా పెట్టుకుని ఎన్ని మిషన్లు దింపినా, వాటి మీద కవర్లు కప్పే ఉంటాయి.

ఇంతకీ మన ఫిట్టర్ కుర్రాడు ఏమయ్యాడు? ఓ రోజు మళ్లీ ఆ ముక్క పట్టుకెళ్తాడు. సార్ కిటికీ వైపు ఎత్తి చూస్తారు. ఈసారి వెలుతురు దూరదు. ‘శెభాష్’ అని కూడా అనరు. నంబర్ పంచ్‌లు, సుత్తి చేతికిచ్చి ఒకే మాటంటారు:

‘నీ రోల్ నంబర్ కొట్టుకో.’

ఆ రోజు వాడు ఆ ఇనుప ముక్కను ఫొటో తీసి వాట్సాప్ స్టేటస్ పెట్టుకుంటాడు. చూస్తే ఓ లైక్ కొట్టండి!