ఆమెన్‌కు ముందే వెళ్ళిపోయే బస్సు

ఒక చలికాలపు ఆదివారం మంత్రాలయం మండలం మాధవరంలో ఒక చిన్న సంఘంవారు వాక్యపరిచర్యకు పిలిస్తే వెళ్ళాము. మాకు కారు లేదు. ఆదోనిలో బస్సెక్కి, ఎమ్మిగనూరులో మారి, వేళకే చేరుకున్నాము. ఆ రోజు పాటలు ఎక్కువయ్యాయి. ఇద్దరు ముగ్గురు సాక్ష్యాలు చెప్పారు. తరువాత మేము నిలబడి గంటా పావు మాట్లాడాము. పైగా అది ప్రభురాత్రి భోజనం ఉన్న ఆదివారం. ఆశీర్వాదం పలికేసరికి పొద్దు నడినెత్తి దాటి చాలాసేపయింది. అందరూ వందనాలు చెప్పుకుంటూ బయటికి వస్తుంటే, వేపచెట్టు కింద ఒక అవ్వ బైబిలు సంచి ఒడిలో పెట్టుకుని కూర్చుని ఉంది.

"ఏమవ్వా, ఇంటికి పోలేదా?" అని అడిగాము.

"బస్సు పాయె అయ్యగారూ. మళ్ళా దీపాలు పెట్టే యాళకే. నడాన లేద్దామనుకుంటి. అయ్య వాక్యం చెప్తాంటే లేస్తే తప్పు గదా అని కూకుంటి."

ఒక తమ్ముడు మోటారు సైకిలు తెచ్చాడు. మోకాళ్ళ నొప్పితో ఆమె దాని మీద కూర్చోలేకపోయింది. సాయంత్రం దాకా ఆ చెట్టు కిందనే ఉంది. సంఘంవారు అన్నం పెట్టారు, మాటలు చెప్పారు, బాగానే చూసుకున్నారు. కాని మా ప్రసంగంలో చివరి ఇరవై నిమిషాలు లేకపోయినా సంఘానికి నష్టమేమీ ఉండేది కాదు. ఆ అవ్వ మాత్రం వేళకు ఇల్లు చేరేది. ఆ రోజు నుంచి ఈ సంగతి వ్రాయాలని అనుకుంటూనే ఉన్నాము.

కారు లేకుండా బ్రతకడం గురించి ఈ మధ్య ఇంగ్లీషు పత్రికల్లో వ్యాసాలు చాలా వస్తున్నాయి. అమెరికాలోనో ఐరోపాలోనో ఒక కుటుంబం కారు అమ్మేసి, బస్సు, సైకిలు మీద తిరుగుతూ తమ అనుభవం వ్రాసుకుంటుంది. మంచిదే. అయితే మన సంఘాల్లో కారు వదులుకుందామా అనే ప్రశ్నే రాదు, ఎందుకంటే వదులుకోవడానికి కారు ఉన్నవారే తక్కువ. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో ప్రతి 100 ఇళ్ళలో కారుగాని జీపుగాని ఉన్నవి 5 కంటే తక్కువ, మోటారు సైకిలో స్కూటరో ఉన్నవి 21. తరువాతి ఏళ్ళలో ఈ అంకెలు పెరిగిన మాట నిజం. అయినా ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతపు పల్లె సంఘాల్లో ఆదివారం చెప్పుల వరుస ఎంత పొడవుంటుందో, బండ్ల వరుస ఎంత పొట్టిగా ఉంటుందో మీకే తెలుసు. ఇంట్లో మోటారు సైకిలు ఉన్నా అది కొడుకుది, లేదా అల్లుడిది. అవ్వకూ కోడలికీ బస్సే.

మన చిక్కు ఏమిటంటే, సంఘంలో నూటికి తొంభైమంది బస్సు మీదో కాలినడకనో వస్తుంటే, ఆరాధన వేళను మాత్రం బండి ఉన్న పదిమంది వీలును బట్టి నిర్ణయిస్తాము. కాపరికి బండి ఉంటుంది, పెద్దలకు బండి ఉంటుంది, కీబోర్డు వాయించే తమ్ముడికీ ఉంటుంది. కమిటీలో కూర్చునేది వీరే. అందులో ఎవరూ చెడ్డవారు కారు. బస్సు సంగతి వారికి గుర్తుకు రాదు, అంతే.

కనుక ముందుగా బస్సు ఎలా నడుస్తుందో కొంచెం తెలుసుకుందాము. ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు సుమారు 30 కిలోమీటర్లు. అక్కడి నుంచి మాధవరం వైపు వెళ్ళే రోడ్డు ఒక దారిలో మంత్రాలయానికి, మరో దారిలో తుంగభద్ర దాటి కర్ణాటకలోని రాయచూరుకు పోతుంది. ఆదోనికి రైలుంది. మద్రాసు వైపు నుంచి, బొంబాయి వైపు నుంచి వేసుకుంటూ వచ్చిన పట్టాలు 1871లో రాయచూరు దగ్గర కలిసినప్పటి నుంచి మన ప్రాంతం ఆ పెద్ద లైను మీదే ఉంది. ఎమ్మిగనూరుకు మాత్రం నేటికీ రైలు లేదు. కర్నూలు పెద్దాసుపత్రికి పోవాలన్నా, కోర్టుకు పోవాలన్నా అక్కడివారికి బస్సే గతి.

పెద్ద రోడ్డు మీద ఉన్న ఊళ్ళకు ఇబ్బంది తక్కువ, ఒకటి పోతే ఇంకొకటి వస్తుంది. రోడ్డుకు ఐదారు కిలోమీటర్లు లోపల ఉన్న పల్లెల సంగతి వేరు. అక్కడికి డిపో నుంచి రోజుకు ఇన్ని ట్రిప్పులని లెక్క ఉంటుంది. కొన్ని ఊళ్ళకు నైట్ హాల్ట్ బస్సు ఉంటుంది. అది రాత్రి ఊరికి చేరి, డ్రైవరు కండక్టరు అక్కడే పడుకుని, తెల్లవారి మొదటి ట్రిప్పుగా బయలుదేరుతుంది. అది దాటితే తరువాతిది బడిపిల్లల వేళకు వచ్చే బస్సు. ఇక్కడే మన సంఘాలు గమనించని సంగతి ఒకటుంది. పిల్లల కోసం నడిపే ట్రిప్పు ఆదివారం ఉండకపోవచ్చు. బడి లేదు గనుక బస్సు నిండదు, నిండని ట్రిప్పును డిపోవారు మరో దారికి మళ్ళిస్తారు. ఎన్ని సీట్లకు ఎంతమంది ఎక్కారన్న లెక్కను వారు ఆక్యుపెన్సీ రేషియో అంటారు, ఒక ట్రిప్పు ఉండాలా పోవాలా అనేది చాలావరకు దాని మీదే ఆధారపడుతుంది. అంటే మనకు బస్సు అన్నిటికంటే ఎక్కువ అవసరమైన రోజే బస్సులు తక్కువ. సోమవారం చూసిన వేళల పట్టికను నమ్ముకుని ఆదివారం ఆరాధన వేళ పెట్టకూడదు.

2025 ఆగస్టు 15న మన రాష్ట్రంలో స్త్రీశక్తి పథకం మొదలైంది. పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో రాష్ట్రానికి చెందిన ఆడపిల్లలకు, స్త్రీలకు, ట్రాన్స్‌జెండర్లకు ప్రయాణం ఉచితం. ఆధార్ వంటి గుర్తింపు కార్డు చూపి జీరో టికెట్ తీసుకోవాలి. కొందరు అమ్మలు "ఊరికే పోయేదానికి టికెట్ ఎందుకు" అని తీసుకోకుండా కూర్చుంటారు. అలా చేయకండి. ఎంతమంది ప్రయాణించారో ఆ టికెట్ల వల్లనే లెక్క తేలుతుంది, ప్రభుత్వం సంస్థకు చెల్లించే సొమ్ముకు ఆ లెక్కే ఆధారం. మీ పల్లె బస్సులో జనం ఉన్నారని డిపో కాగితాల్లో కనబడాలన్నా ఆ ముక్క చేతిలో ఉండాలి.

ఈ పథకం వచ్చాక ఉపవాస కూడికలకు, స్త్రీల సమాజానికి పక్క ఊళ్ళ నుంచి వచ్చే అమ్మలు పెరిగారు, మేము చూస్తూనే ఉన్నాము. ఛార్జీకని మగనిని అడగవలసిన పని తప్పింది. ఆ అడగడంలో ఎంత చిన్నతనం ఉంటుందో అడిగినవారికే తెలుసు. అయితే బస్సు రాని ఊరిలో ఉచిత టికెట్ ఉన్నా ఒకటే లేకున్నా ఒకటే. అంతర్రాష్ట్ర సర్వీసులకు ఈ ఉచితం వర్తించదు గనుక మాధవరం వైపు వారు రాయచూరు బస్సెక్కితే డబ్బులు పెట్టవలసిందే. నది అవతల కర్ణాటకలో ఇలాంటి పథకమే 2023 జూన్ 11 నుంచి నడుస్తోంది, అది ఆ రాష్ట్రపు స్త్రీలకు. మన వైపు ఎన్నో ఇళ్ళలో కూతురిని అటు ఇచ్చి ఉంటారు. కూతురు అక్కడ ఉచితంగా తిరుగుతుంది, తల్లి ఇక్కడ ఉచితంగా తిరుగుతుంది, ఒకరినొకరు చూసుకోవడానికి మాత్రం టికెట్ కొనాలి.

ముసలి మగవారిని కూడా మరువకూడదు. అరవై ఏళ్ళు దాటినవారికి ఆర్టీసీలో 25 శాతం రాయితీ ఉంది, వయసు తెలిపే కార్డు దగ్గర ఉంచుకోవాలి. రైళ్ళలో పెద్దవారికి ఉండిన రాయితీ 2020 మార్చిలో ఆగింది, మళ్ళీ ఇవ్వలేదు. కూలికి పోలేని వయసులో ఉన్న తాత తన ఒక్కడి ఛార్జీ కోసం అవ్వను పంపి తాను ఇంట్లో ఉండిపోవడం మాకు తెలిసిన ఇళ్ళలోనే జరుగుతోంది. ఆ తాతను చూసి 'విశ్వాసం చల్లారింది' అని మనం తొందరపడి అనుకుంటాము.

బస్సు లేనిచోట షేర్ ఆటోలున్నాయి. వాటిని తిట్టడం తేలిక, అవి లేకపోతే సగం పల్లెలు కదలవు. మేము గట్టిగా చెప్పదలచినది వేరే ఉంది. ఉజ్జీవ కూడికలకు, క్రిస్మస్‌కు, మట్టి కార్యక్రమాలకు జనాన్ని ట్రాక్టరు ట్రాలీలో, లగేజీ ఆటోలో, పికప్ బండిలో ఎక్కించి తీసుకుపోవడం మన సంఘాల్లో మామూలైపోయింది. అది సరకుల బండి. సరకుల బండిలో ఊరికే ఎక్కించుకున్న మనుషులకు బీమా వర్తించదని 2002లో న్యూ ఇండియా అష్యూరెన్స్, ఆశా రాణి కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. సరకుతో పాటు ప్రయాణించే ఆ సరకు యజమాని సంగతి వేరు, కూడికకు వెళ్ళే విశ్వాసి సంగతి వేరు. జరగకూడనిది జరిగితే బీమా కంపెనీని అడగలేరు, పరిహారం బండి యజమాని మీదనే పడుతుంది. అతడూ మనలాంటి రైతే, ఎక్కడి నుంచి తెచ్చి ఇస్తాడు? కాపరులు పెద్దలతో కూర్చుని ఈ సంగతి తప్పక మాట్లాడాలి. ఆర్టీసీ బస్సును అద్దెకు తీసుకోవచ్చు, డిపోలో అడిగితే లెక్క చెబుతారు. అంత సొమ్ము లేకపోతే కూడికనే ఊరికి తెచ్చుకోండి. మైకు, షామియానా ఖర్చులో కొంత తగ్గించినా సరిపోతుంది.

ఈ ప్రాంతంలో ప్రయాణం గురించి వ్రాస్తూ సుగ్గిని వదిలిపెట్టలేము. పత్తి తీయడానికి, మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు, తెలంగాణ వైపు కుటుంబాలకు కుటుంబాలే పోతాయి. నెలల తరబడి బెంచీలు ఖాళీ. వారు పోయేది కూడా చాలాసార్లు ఆ సరకుల బండ్లలోనే, వంట గిన్నెలు, పిల్లలు, మూటలు అన్నీ కలిసి. బయలుదేరే ముందు రాత్రి ప్రార్థన చేసి పంపుతాము. ఏ బండిలో పోతున్నారు, ఎంతమంది ఎక్కుతున్నారు అని మాత్రం అడగము. ప్రార్థన చేసే నోటితోనే అదీ అడగవచ్చు.

బైబిలులో దూరాన్ని కాళ్ళతో కొలిచారు. అపొస్తలుల కార్యములు మొదటి అధ్యాయంలో ఒలీవల కొండకూ యెరూషలేముకూ మధ్య దూరాన్ని విశ్రాంతిదినపు నడకగా చెప్పారు, అంటే సుమారు ఒక కిలోమీటరు. దేవుని ప్రజలు నడిచి చేరగలిగినంత దగ్గరలో కూడుకోవాలన్న ఆలోచన ఆ కొలతలో ఉంది. నేడు బండి ఉన్నవారు తమ వీధి సంఘాన్ని దాటుకుని పట్టణంలోని పెద్ద మందిరానికి పోతున్నారు. అక్కడ సంగీతం బాగుంటుంది, నిజమే. ఇక్కడ వీధి సంఘంలో ఆ అవ్వను ఇంటికి దించగల ఒక్క బండీ మిగలదు.

అదే గ్రంథం ఎనిమిదవ అధ్యాయంలో రథం ఉన్న మనిషి కథ కూడా ఉంది. ఐతియొపీయుడైన ఆ మంత్రి రథంలో కూర్చుని చదువుకుంటూ పోతున్నాడు. ఫిలిప్పుకు బండి లేదు, పరుగెత్తి అందుకున్నాడు. మంత్రి అతనిని పైకి ఎక్కి తన పక్కన కూర్చోమన్నాడు. ఆ ప్రయాణంలో లాభపడింది ఎవరు? నడిచి వచ్చినవాడికి కొంత దూరం నడక తప్పింది, రథం ఉన్నవాడికి రక్షణ దొరికింది. కారున్న సహోదరులకు మేము చెప్పేది ఇదే: ఎక్కించుకుంటే ఉపకారం చేసినట్టు మాట్లాడవద్దు, పదిమందిలో "మా కారులోనే తీసుకొచ్చాము" అని అనవద్దు. అలా అన్న మరుసటి ఆదివారం ఆ మనిషి మీ కారు కంటబడకుండా వెనుక సందులోంచి నడిచి వస్తాడు. మేమూ అలా నడిచినవారమే, అందుకే చెబుతున్నాము. అయ్యగారికి కారు కొనిపెడదామని చందా పట్టిక తెరిచే సంఘాలకు ఒక మాట. 1912లో దోర్నకల్ బిషప్‌గా అభిషేకం పొందిన వి.ఎస్. అజరయ్య ఎడ్లబండి మీద పల్లెలు తిరిగినవారే. ఎడ్లబండి కొనమని కాదు గాని, కారు కొంటే అందులోని నాలుగు సీట్లు ఎవరివో ముందే అనుకుని కొనండి.

సంఘాలు ఏమి చేయవచ్చో పెద్ద పట్టిక ఇవ్వము. ఒక్క పని చాలు. ఒక ఆదివారం, సోమవారం కాదు, ఒక యౌవనస్థుడిని ఊరి బస్టాపులో పొద్దున్నుంచి కూర్చోబెట్టి ఏ బస్సు ఎప్పుడు వచ్చింది, ఎప్పుడు పోయింది అని కాగితం మీద వ్రాయించండి. మూడు ఆదివారాలు అలా వ్రాస్తే నిజం తెలుస్తుంది. ఆ కాగితాన్ని కమిటీ ముందు పెట్టి, వచ్చే బస్సు చేరాక అరగంటకు ఆరంభం, పోయే బస్సుకు అరగంట ముందు ఆశీర్వాదం అని నిర్ణయించండి. ప్రకటనలు, చందాల లెక్కలు ఆశీర్వాదం తరువాత చదవవచ్చు, ఉండగలిగినవారు ఉంటారు. ప్రభురాత్రి భోజనం ఉన్న ఆదివారం ప్రసంగం తగ్గాలి. బస్సే లేకపోతే, లేదా ఉన్న ట్రిప్పు తీసేస్తే, ఊరివారందరి సంతకాలతో డిపో మేనేజరుకు అర్జీ ఇవ్వండి. ఆ అర్జీ సంఘం పేరు మీద కన్నా ఊరి పేరు మీద ఉంటే మేలు, బస్సెక్కేది అన్ని మతాలవారూ కదా.

మాధవరం సంఘంవారు ఆ పని చేశారు. మొదట పాటల బృందం వారు నొచ్చుకున్నారు, రెండు పాటలు తగ్గాయి గనుక. ఇప్పుడు వేదిక ఎదురుగా గోడ మీద బస్సు వేళల కాగితం అతికించి ఉంది. ప్రసంగించేవారికి అది సూటిగా కనబడుతుంది. మొన్న మళ్ళీ వెళ్ళినప్పుడు మా ప్రసంగం మూడవ అంశంలో ఉండగా ఆ అవ్వ సంచి సర్దుకోవడం మొదలుపెట్టింది. మేము మూడవ అంశాన్ని అక్కడే వదిలి కళ్ళు మూసుకుని ప్రార్థనలోకి వెళ్ళాము. ఆమె బస్సు దొరికింది.