గేర్‌బాక్సు ఎక్కించడంలోనే కిటుకు
* బోల్టులతో లాగితే కొత్త క్లచ్‌కూ చేటే
* జాకీని నమ్ముకుంటే ప్రాణానికే ముప్పు

విజయవాడ (ఆటోనగర్): క్లచ్‌ప్లేటు కొత్తది. ప్రెషర్‌ప్లేటూ కొత్తదే. అయినా షెడ్డు దాటకముందే లారీ గేరు పడనని మొరాయిస్తుంది. నకిలీ విడిభాగం అంటగట్టారని యజమాని అనుమానిస్తాడు. విడిభాగం అసలైనదే అయినా, దింపిన గేర్‌బాక్సును తిరిగి ఎక్కించడంలో పొరపాటు జరిగితే ఫలితం ఇలాగే ఉంటుంది. చెన్నై-కోల్‌కతా, పుణె-మచిలీపట్నం జాతీయ రహదారులు కలిసే విజయవాడలో లారీల మరమ్మతులకు ఆటోనగర్ పెట్టింది పేరు. ఇలాంటి షెడ్లలో నిత్యం జరిగే ఈ పని గురించి యజమానులు, డ్రైవర్లు కూడా తెలుసుకోవడం మేలు. ఒకే పనికి రెండుసార్లు కూలి చెల్లించి, కిరాయి పోగొట్టుకుని, నెలసరి వాయిదాకు అప్పు వెతుక్కునేది వారే.

లోపలి అమరిక ఇదీ..
ఇంజిన్ వెనుక ఫ్లైవీల్, దానిని ఆనుకుని క్లచ్‌ప్లేటు, దానిపై ప్రెషర్‌ప్లేటు ఉంటాయి. గేర్‌బాక్సు ముందుభాగాన ఉండే ఇన్‌పుట్ షాఫ్టు, క్లచ్‌ప్లేటు మధ్యనున్న పళ్లలోంచి దూరి పైలట్ బేరింగులో కూర్చోవాలి. ఈ రెండూ ఒకే వరుసలో లేకుంటే షాఫ్టు లోపలికి వెళ్లదు. అందుకే ప్రెషర్‌ప్లేటు బిగించేటప్పుడే పాత ఇన్‌పుట్ షాఫ్టునో, డమ్మీ షాఫ్టునో దూర్చి క్లచ్‌ప్లేటును సరిగ్గా మధ్యకు తేవాలి. బోల్టులను ఎదురెదురుగా, కొద్దికొద్దిగా బిగించాలి.

ముందే చూసుకోవాలి
ఫ్లైవీల్‌పై పగుళ్లు, వేడికి కమిలిన మచ్చలు ఉన్నాయేమో పరిశీలించాలి. ఆయిల్ సీళ్లు కారుతుంటే అప్పుడే మార్చాలి. క్లచ్‌ప్లేటుపై నూనె పడితే అది జారిపోతుంది. షాఫ్టు పళ్లకు గ్రీజు పలుచగా రాస్తే చాలు. ఎక్కువైతే అదే చిమ్మి ప్లేటుకు అంటుకుంటుంది. పాత ప్లేట్ల పొడిలో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉన్నందున గాలి కొట్టకుండా తడిగుడ్డతో తుడవాలి. ముక్కుకు మాస్కు కట్టుకోవాలి.

ఎక్కించేదిలా..
తలలు కోసిన రెండు పొడవాటి బోల్టులను ఇంజిన్ వైపు రంధ్రాలకు బిగిస్తే గేర్‌బాక్సుకు అవే దారి చూపుతాయి. గేర్‌బాక్సును ఏదో ఒక గేరులో ఉంచి, వెనుక ఫ్లాంజిని చేతితో అటూ ఇటూ తిప్పితే షాఫ్టు పళ్లు ప్లేటు పళ్లలో కలుస్తాయి. ఇంజిన్‌కూ, బెల్ హౌసింగుకూ మధ్య సందు చుట్టూ సమానంగా ఉండేలా జాకీ ఎత్తు సరిచేయాలి.

అసలు పరీక్ష చివరి అంగుళంలోనే. అక్కడ ఆగిపోతే కొందరు బోల్టులు బిగించి బలవంతంగా లోపలికి లాగుతారు. దాంతో ప్లేటు వంగవచ్చు, పైలట్ బేరింగు పగలవచ్చు, బెల్ హౌసింగు చీలవచ్చు. షాఫ్టు సగం దూరాక జాకీని వదిలేసినా గేర్‌బాక్సు బరువంతా ప్లేటుపైనే పడుతుంది. వంగిన ప్లేటు పెడల్ తొక్కినా పూర్తిగా విడవదు. గేర్లు గరగరమంటాయి. అడ్డుపడినప్పుడు వెనక్కి తీసి, కారణం చూసి, మళ్లీ ఎక్కించడమే సరైన పద్ధతి. బెల్ హౌసింగు చేతి ఒత్తిడితోనే ఇంజిన్‌కు ఆనిన తర్వాతే బోల్టులు బిగించాలి.

ప్రాణం ముఖ్యం
భారీ లారీ గేర్‌బాక్సు వంద కిలోలకు పైనే ఉంటుంది. దానిని గుండెలపై మోపుకొని ఎత్తే అలవాటు ఎంతమాత్రం తగదు. చక్రాలకు అడ్డుకట్టలు పెట్టి, బ్యాటరీ తీగ తొలగించాలి. లారీ కింద జాకీతో పాటు గట్టి స్టాండ్లు ఉండాలి. గేర్‌బాక్సును ట్రాన్స్‌మిషన్ జాకీకి గొలుసుతో కట్టాలి.

తాళం తిప్పేముందు
ప్రొపెల్లర్ షాఫ్టును విప్పేముందు పెట్టిన గుర్తుల ప్రకారమే కలపాలి, లేకుంటే బండి అదురుతుంది. గేర్ ఆయిల్ మట్టం, క్లచ్ పైపులో గాలి, పెడల్ ఫ్రీప్లే సరిచూడాలి. ఖాళీ బండిని కొంతదూరం నడిపి, అన్ని గేర్లూ వేసి చూశాకే లోడు ఎత్తాలి. మొదటి కొన్ని ట్రిప్పుల్లో సగం క్లచ్‌పై బండిని నిలబెట్టకుండా ఉంటే కొత్త ప్లేటు కుదురుకుంటుంది. షెడ్డులో మరో గంట ఓపిక పడితే, నడిరోడ్డుపై లోడుతో నిలిచిపోయే అవస్థ తప్పుతుంది.